చెట్టు ఒక్కపొద్దు

చెట్టుకు దప్పికైతే మనిషి గొంతు ఎండే పట్టీ ఒకటి మా శంషాద్ మేడమ్ తయారుచేసింది. రెండేళ్ళు దాన్ని తన మెడకే కట్టుకుని తిరిగి, ఇక ఇంకో మెడ కావాలని వెతుకుతున్న పూట ఆమె కంటికి పనిలేకుండా కనిపించింది నేనొక్కడినే. ప్రయోగశాల వెనక కుండీలో చీనీ మొక్క వాడిపోయి ఉంది. తక్కిన జిల్లాల వాళ్ళు బత్తాయి అంటారే, అదే మాకు చీనీ. మేడమ్ దాని కాండంలో వెంట్రుకంత సూది గుచ్చి, పట్టీని నా గొంతుకు ఆనించి కట్టింది.

కాసేపటికి నాలుక అంగిటికి అతుక్కుపోయింది. కూజాలో నీళ్ళన్నీ తాగేశాను. కడుపు ఉబ్బింది కానీ దప్పిక దప్పికగానే ఉంది. మేడమ్ నన్ను చూసి నవ్వుతూ చెంబుతో నీళ్ళు తెచ్చి కుండీలో పోసింది. నా నోట్లో చుక్క పడలేదు. అయినా కొంతసేపటికి గొంతులోకి చల్లని మజ్జిగ దిగినట్టయింది.

"ఇప్పుడు నమ్ముతావా కుళ్ళాయప్పా?"

"నమ్ముతాను మేడమ్. ముందు దీన్ని విప్పండి."

చెట్టు లోపల నీళ్ళు సన్నని దారాల్లా వేళ్ళ నుంచి ఆకుల దాకా బిగిసి ఉంటాయట. నేల ఎండితే ఆ దారాలు పుటుక్కుమని తెగుతాయి. ఆ చప్పుడు మన చెవికి అందదు. సూది వింటుంది, పట్టీ దాన్ని మన గొంతు నరానికి చేరవేస్తుంది. నాకు అర్థమైంది ఇంతే. ఇంతకు మించి అడిగితే మేడమ్ సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గరికి వెళ్తుంది, మన భోజనం చల్లారిపోతుంది.

నా పేరు కుళ్ళాయప్ప. అనంతపురం జిల్లాలో వీధికొకరు ఉంటారు ఈ పేరుతో. మా కేంద్రానికి వచ్చే విదేశీ విద్యార్థులకు మాత్రం ఇది పలకడమే మొదటి పాఠం. వ్యవసాయం నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఆ పిల్లలను స్టేషన్లో దించుకోవడం, రైతుల ఇళ్ళలో బస చూడటం, కూరల్లో కారం తగ్గించమని ఆ ఇళ్ళవాళ్ళను బతిమాలడం నా ఉద్యోగం. బోర్డు మీద శిక్షణ సమన్వయకర్త అని ఉంటుంది.

అలాంటి పట్టీ ఇంకోటి చేసింది ఈ పిల్లల కోసమే. తన మెడనున్న పాతది మాత్రం మేడమ్ విప్పలేదు. వాళ్ళు మా దగ్గర ఉండేది ఒక్క కాపు కాలం. భాష రాదు, మా నేల గుణం తెలియదు. ఎప్పుడు నీళ్ళు పెట్టాలో, ఎప్పుడు ఆపాలో కాస్త ఒంటబట్టేసరికి తిరుగు ప్రయాణం వచ్చేస్తుంది. "భాష రాకపోతే ఏం కుళ్ళాయప్పా, చెట్టే పాఠం చెబుతుంది" అనేది మేడమ్. అలా అంటున్నప్పుడు ఆమె కళ్ళు మెరిసేవి. అంత ఆశ పెట్టుకున్న మనిషిని చూస్తే నాకు ముచ్చటగానూ ఉండేది, కొంచెం భయంగానూ ఉండేది.

ఇంకో సంగతి. పని మధ్యలో ఆమె ఫోను మాటిమాటికీ మోగేది. తిరుపతిలో చదువుకుంటున్న కూతురు. "అమ్మీ, పానీ పియే?" అని అడిగేది, నీళ్ళు తాగావా అని. మేడమ్ వెంటనే సీసా ఎత్తి నాలుగు గుక్కలు తాగి, "పియీ బేటా" అనేది. తల్లీ కూతుళ్ళ గారాబం అనుకున్నాను నేను.

*

ఆ ఏడు దసరా పోయాక మలావీ దేశం నుంచి తియామికే వచ్చింది. పొడుగ్గా, సన్నగా, ఎవరు మాట్లాడినా తల కొంచెం వంచి వినే పిల్ల. వాళ్ళ మ్వాంజా కొండల్లో తాతకు నారింజ తోట ఉందట. వానలు తారుమారై ఆ తోట నాలుగేళ్ళుగా ఆకులు వేస్తోందే కానీ పూత పూయడం లేదు. చెట్టుతో పూత పూయించడం నేర్చుకుని రమ్మని తాత పంపించాడు.

ఆమెను కోనంపల్లి ఓబులమ్మ ఇంట్లో పెట్టాను. ఓబులమ్మది చీనీ తోట. ఊళ్ళో ఆమె నోటికి ఎదురు లేదు. పిల్లను ఎగాదిగా చూసి, "ఏం పేరో ఏమో, నాకు నోరు తిరగదు సార్. తాయమ్మ అని పిల్చుకుంటా" అని ఖాయం చేసేసింది. మొదటి పూట రాగి సంగటి ముద్ద ముందు పెట్టి, ఈ పిల్ల దీన్ని ఎట్లా తింటుందా అని మేమంతా చూస్తుంటే, తియామికే చేయి కడుక్కుని, ముద్దలో కొంచెం తుంచి, బొటనవేలితో గుంట చేసి, పప్పులో ముంచి నోట్లో పెట్టుకుంది. వాళ్ళ దేశంలో మొక్కజొన్న పిండితో ఇలాంటిదే వండుతారట. ఓబులమ్మ ముఖం చాటంత అయింది.

"ఈ పాప మనోళ్ళ పాపే సార్. యాడో తప్పిపోయి ఆ దేశంలో పుట్టింది."

ఆ ఇంట్లో అంత నవ్వు చాలా రోజుల తర్వాత వినిపించిందని ఆ తర్వాత తెలిసింది. తోట రెండు భాగాలు. పై తోట గరుసు నేల, కింది తోట లోతైన ఒండ్రు. రెండేళ్ళుగా సరైన పూత లేదు. ఓబులమ్మ భర్త గంగులప్ప మెతక మనిషి, విసిగిపోయాడు. చెట్లు కొట్టించి నేలను సోలార్ పలకల వాళ్ళకు ఇచ్చేద్దామన్నాడు. వాళ్ళు వచ్చి కొలిచి, తోట మూలల్లో సున్నం కొట్టిన హద్దురాళ్ళు కూడా పాతి పోయారు. ఓబులమ్మ మొగుడితో రెండు రోజులు మాట్లాడకుండా ఉండి, చివరకు ఒక్క కాపు గడువు సంపాదించింది. ఈసారి పూత వస్తే తోట ఉంటుంది, రాకపోతే గొడ్డలి. ఆ తోటలో ప్రతి మొక్కా ఆమె బిందెలతో నీళ్ళు మోసి బతికించినదే.

మేడమ్ రెండు తోటల్లోనూ కొన్ని చెట్లకు సూదులు గుచ్చింది. పట్టీ మీద చిన్న మీట ఉంటుంది, అటు తిప్పితే పై తోట, ఇటు తిప్పితే కింది తోట గొంతులో పలుకుతుంది. తియామికే ఇట్టే పట్టేసింది. గొంతు కొంచెం పొడిబారగానే లేచి వెళ్ళి గేటువాల్వు తిప్పేది, తడవగానే కట్టేసేది. బోరు నీళ్ళు పొదుపయ్యాయి, చెట్లు నిగనిగలాడాయి. ఓబులమ్మ తెలుగు ఆమెకు, ఆమె నవ్వు ఓబులమ్మకు అలవాటయ్యాయి. నేను వెళ్తే చాలు, "యాడికి పోతాండావు సార్, సంగటి తిని పో" అనేది తియామికే. విశ్వవిద్యాలయంలో నేర్పే తెలుగు కాదది.

ఓబులమ్మను పట్టీ కట్టుకోమంటే మాత్రం చేతులు అడ్డం పెట్టేది.

"నాకెందుకు సార్? ఆకు చూస్తే తెలీదా నాకు? నా దప్పికే నాకు చాలు."

*

మార్గశిరంలో తోటను బెట్టకు వదిలారు.

చీనీ చెట్టు సుఖంగా ఉంటే ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది. నీళ్ళు ఆపేసి కొన్నాళ్ళు మాడ్చి, ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాక ఒక్కసారిగా నీళ్ళు వదిలితే ఒళ్ళంతా పూత వేస్తుంది. దీన్నే బెట్టకు వదలడం అంటారు. ఎన్నాళ్ళు మాడ్చాలనేది మాత్రం ఎవరి అంచనా వాళ్ళది. తొందరపడితే పూత రాదు, ఆలస్యమైతే చెట్టే పోతుంది. ఓబులమ్మ ఒక ఏడాది తొందరపడింది, మరుసటి ఏడాది పంతం పట్టింది. పై తోటలో ఆ పంతానికి ఎండిపోయిన చెట్ల మొద్దులు ఇంకా కనిపిస్తాయి.

ఇదంతా తియామికేకు నేను చెప్పాను. ఆమె తల వంచి విని, తాతకు కావలసిన పాఠం ఇదేనంది. మేడమ్ ఆమెను పక్కకు పిలిచి, "బెట్ట ఉన్నన్నాళ్ళూ పట్టీ తీయొద్దమ్మా. ఇంతవరకు ఎవరూ వినని సంగతి ఇది. నీకు భరించగలనని అనిపిస్తేనే సుమా" అంది. భరించలేనని ఏ విద్యార్థి చెబుతాడు?

మొదట్లో బాగానే ఉంది. పోనుపోను పిల్ల చిక్కిపోసాగింది. నేను వెళ్ళిన ఒక మధ్యాహ్నం సంగటి ముద్ద ముందు పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. తుంచింది, ముంచింది, నోట్లో పెట్టుకుంది, మింగుడు పడలేదు. పక్కన బిందె ఖాళీ. ఓబులమ్మ తట్టుకోలేక ఆ పట్టీని పట్టి లాగేసింది.

"తీసి పారెయ్ తాయీ! చదువూ వద్దు ఏమీ వద్దు. ముద్ద మింగలేని చదువు ఏం చదువు?"

పట్టీ తీసినా దప్పిక పోలేదు. నేను మేడమ్‌కు ఫోన్ చేశాను. "కొన్ని గంటలు ఉంటుంది, తర్వాత తగ్గుతుంది" అందామె. ఓబులమ్మ నా చేతిలో ఫోను లాక్కుని అడిగింది.

"నీకు తగ్గిందా మేడమ్?"

అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది. సాయంత్రానికి తియామికే పట్టీ మళ్ళీ తనే కట్టుకుంది. కట్టుకున్నా, తీసినా ఒకేలా ఉందట. అలాంటప్పుడు చెట్లను ఒంటరిగా వదలడం ఎందుకంది.

*

మేడమ్ ప్రయోగశాలలో కూలబడిపోయింది ఆ వారంలోనే. మిట్టమధ్యాహ్నం. నేనూ ఇంకో ఇద్దరూ మోసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చాం. ఒంట్లో నీళ్ళు బొత్తిగా లేవన్నాడు డాక్టరు. పక్కన సీసా నిండుగా ఉంది కదయ్యా అన్నాను నేను. ఫోను అదే పనిగా మోగుతుంటే నేనే ఎత్తాను. కూతురు ఏడుస్తోంది.

"అంకుల్, పొద్దున్నుంచి పరీక్ష. ఫోన్ చేయలేకపోయాను. నేను గుర్తు చేయకపోతే అమ్మీ నీళ్ళు తాగదు. ఆమెకు దప్పిక తెలియదు. ఏడాది అయింది."

రెండేళ్ళు చెట్ల దప్పిక మోసిన గొంతుకు సొంత దప్పిక పోయింది. ఇఫ్తారు వేళ అందరూ గ్లాసు కోసం చేయి చాపుతుంటే, తను వాళ్ళను చూసి చాపేదట. ఈ మాట సెలైను ఎక్కుతుండగా మేడమే చెప్పింది, గోడ వైపు చూస్తూ. నాకు ఆమె మీద కోపం వచ్చింది, జాలి వేసింది. ఆ రెండూ ఒకేసారి రావడం అదే మొదలు.

"తెలిసి కూడా ఆ పిల్ల మెడకు కట్టారా మేడమ్?"

"నా ఒక్కదానికే ఇట్లా అయిందేమో అనుకున్నా కుళ్ళాయప్పా. అట్లా అనుకోవడమే నాకు సుఖంగా ఉండింది."

ఆమె మాట పూర్తయిందో లేదో, నా ఫోను మోగింది. గంగులప్ప.

"సార్, మీ పాప గేటువాల్వు తిప్పేసింది. పై తోటంతా తడిపేసింది. బెట్ట చెడిపాయ. ఇంక నాదేం లేదు, సోలారోళ్ళకి ఫోన్ చేస్తాండా."

సెలైను సీసా సగం ఉండగానే మేడమ్ సూది పీకించుకుని జీపెక్కింది. వద్దంటే వినే మనిషైతే ఆ పట్టీ పుట్టేదే కాదు.

*

తియామికే పై తోట గట్టు మీద కూర్చుని ఉంది. పాదాలు బురద. ఓబులమ్మ సంతకు పోయిన పూట చూసి తిప్పిందట. ఓబులమ్మ అప్పటికి తిట్టి తిట్టి బొంగురుపోయిన గొంతుతో చెట్ల మధ్య తిరుగుతోంది, ఒక్కో చెట్టు మొదట్లో తడి ముట్టుకుని చూసుకుంటూ.

"కూతుర్ని చూసుకున్నట్టు చూసుకుంటిని గదా సార్! ఒక్క మాట అడిగిందా? ఇంగ పది దినాలు ఆగింటే అయిపోతుండె. ఇప్పుడు అటూ గాకుండా ఇటూ గాకుండా ఆకులేసుకొని కూర్చుంటాయి ఈ చెట్లు."

గంగులప్ప ఫోను చేతిలో పట్టుకుని హద్దురాయి మీద కూర్చున్నాడు. 

తియామికే నా వైపు చూసి ఇంగ్లీషులో చెప్పింది. దప్పికకు ఓర్చుకోలేక తిప్పిన మాట నిజమే, క్షమాపణ అడగడానికి కూడా తనకు ముఖం లేదు. అయితే ఒక సంగతి. ఇదివరకు తెల్లవారుజామున లేచేసరికి గొంతు కాస్త తడిగా ఉండేది. పగలంతా ఎండినా ఆ కాసేపటి కోసం ఓర్చుకునేది. కింది తోటకు తిప్పితే ఇప్పటికీ అలాగే ఉంది. పై తోటకు మాత్రం ఆ రోజూ, ముందు రోజూ తెల్లవారుజామున కూడా తడి రాలేదు.

"ఏమంటాది?" అంది ఓబులమ్మ. నేను తెలుగులో చెప్పాను. సాకు అనుకుని ఆమె మొహం తిప్పుకుంది. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను.

మేడమ్ మాత్రం గబుక్కున ముందుకు వచ్చింది.

"తెల్లవారుజామునా? పొద్దు పొడవకముందా?" అని రెండుసార్లు అడిగింది. ఆమె రెండేళ్ళూ పట్టీ కట్టుకుని తిరిగింది కానీ కేంద్రం తెరిచేది ఎండెక్కాక. తెల్లవారుజామున తోటలో నిలబడి ఎన్నడూ వినలేదు. ఇంట్లో ఉండి విన్నది కుండీల్లో మొక్కల్ని. కుండీకి లోతెక్కడిది?

ఓబులమ్మ మేడమ్ చేతికున్న ఆసుపత్రి ప్లాస్టరును చూసింది. గట్టు మీద ఉన్న పిల్లను చూసింది. ఏమనుకుందో ఏమో, చేయి చాపింది.

"ఇయ్యి తాయీ అది. నేను కట్టుకుంటా."

మీట కింది తోట వైపు తిప్పి నేనే ఆమె మెడకు కట్టాను. పొద్దు పడమటికి వాలినా ఎండ చురుకు తగ్గలేదు. ఓబులమ్మ నాలుగు అడుగులు వేసి ఆగింది. గొంతు పట్టుకుంది. ముడుచుకున్న ఆకులను తలెత్తి చూసి అక్కడే చెట్టు మొదట్లో చతికిలబడింది. ఆమె ఏడవడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

"ఇంత మంటనా! ఇన్నేండ్లు మిమ్మల్ని ఇట్ల మాడ్చినానా నాయనా!"

ఆ రాత్రి మేడమూ నేనూ ఓబులమ్మ ఇంట్లోనే పడుకున్నాం. చుక్కలు పలచబడే వేళకు మేం నలుగురం కింది తోటలో ఉన్నాం. ఓబులమ్మ కళ్ళు మూసుకుని చాలాసేపు కదలకుండా నిలబడింది. తర్వాత ఆమె ముఖం మెల్లగా వదులైంది.

"తడొచ్చింది" అంది. "యాడ్నుంచో కొంచెం తెచ్చుకున్యాయి రాత్రి. ఇది సావు దప్పిక గాదు మేడమ్. ఇది ఒక్కపొద్దు."

మా సీమలో ఉపవాసాన్ని ఒక్కపొద్దు అంటాం. ఓబులమ్మ శనివారం ఉండేదీ ఒక్కపొద్దే, మేడమ్ రంజాన్‌లో ఉండేదీ మా వాళ్ళ నోట ఒక్కపొద్దే. మేడమ్ ఆ మాట విని నవ్విందో ఏడ్చిందో చీకట్లో తెలియలేదు.

"అవునక్కా. రోజాలో పగలంతా గొంతు ఎండుతుంది. సాయంత్రం నీళ్ళున్నాయని ఒంటికి తెలుసు కాబట్టి ఏమీ కాదు. రాత్రిపూట వేళ్ళు లోతు నుంచి తడి లాక్కున్నన్నాళ్ళూ చెట్టు ఒక్కపొద్దు ఉన్నట్టే. ఏ తెల్లవారికి ఆ తడి రాదో..."

"ఆ తెల్లారి ఇడిపించాల. లేకుంటే అది ఒక్కపొద్దు గాదు, పస్తు" అంది ఓబులమ్మ.

తియామికే మా ముఖాలు మార్చి మార్చి చూస్తుంటే నేను ఇంగ్లీషులోకి తిప్పాను. ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పై తోటకు పస్తు మొదలైన మరునాడే ఆమె నీళ్ళు తిప్పింది. తెలిసి చేయలేదు. తెలిసి చేయలేదని అందరికంటే ముందు తనే అంది.

ఓబులమ్మ పట్టీ విప్పి మేడమ్ చేతిలో పెట్టింది.

"తెల్లారి ఒక ఘడియ కట్టుకుంటే సాలు గదమ్మా. రోగం చూసే డాక్టరు రోగితో పాటు మంచాన పడుకుంటాడా?"

మేడమ్ తన మెడనున్న పట్టీ కూడా విప్పింది. ఆ చోట చర్మం పాలిపోయి తెల్లగా ఉంది.

*

గేటువాల్వు సంగతి ఎలా పొక్కిందో మలావీలో తియామికే చదివే విశ్వవిద్యాలయం దాకా పాకింది. రైతుకు నష్టం కలిగించిన విద్యార్థినిని వెంటనే తిరిగి పంపమని వాళ్ళు రాశారు. మా డైరెక్టరు టికెట్ తీయమన్నాడు. నేను ఓబులమ్మకు చెప్పడానికి వెళ్తే ఆమె పెరట్లో పేడ ఎత్తుతోంది. చేతులు కూడా కడుక్కోకుండా వచ్చింది.

"పంపేదానికి ఆయనెవురు? నీళ్ళు తిప్పింది నా తోటకి. తప్పు చేసినోళ్ళు పూత చూసి పోవాల. రాకుంటే నా పక్కన నిలబడి చెట్లు కొట్టేది గూడా చూసి పోవాల. అంతవరకు పంపను."

రైతు అనుమతి లేనందున పంపలేకపోతున్నామని నేను జవాబు రాశాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నేను సంతోషంగా రాసిన ప్రభుత్వ వాక్యం అదొక్కటే.

గంగులప్ప ఫోన్ చేయనే చేశాడు. సోలార్ వాళ్ళు పనివాళ్ళను కుదుర్చుకుని మాఘంలో వస్తామన్నారు. ఇక మిగిలింది ఎదురుచూపే. ఓబులమ్మ రోజూ చుక్కలుండగానే కింది తోటకు వెళ్ళి పట్టీ కట్టుకునేది, తియామికే లాంతరు పట్టుకుని వెంట ఉండేది. తడి ఉన్నన్నాళ్ళూ ఓబులమ్మ తల ఊపి పట్టీ విప్పేది. పగలు ఆకులు ఎంత ముడుచుకున్నా, గంగులప్ప ఎంత గొణిగినా గేటువాల్వు ముట్టలేదు. ఒక తెల్లవారుజామున తల ఊపలేదు. "ఇడుపు తాయీ" అంది. ఈసారి తియామికే ఆమె కళ్ళెదుటే వాల్వు తిప్పింది. డ్రిప్పు పైపులు గుడగుడమన్నాయి. ఆ నీళ్ళు నేలలోకి ఇంకుతుంటే ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి తన గొంతు తనకు దొరికిందని తియామికే నాకు చెప్పింది. ఆ పూట మూడు ముద్దల సంగటి తింది.

పై తోట మాత్రం పచ్చగా, నిండుగా, మొండిగా ఆకులేసుకుని నిలబడింది. నేను వెళ్ళినప్పుడల్లా కొమ్మల చివరలు చూసేవాణ్ణి. ఆకు చిగురే. ఓబులమ్మ కూడా చూసేది. తియామికే అయితే ఆ వైపు వెళ్ళడమే మానేసింది.

మాఘంలో ఒక ఉదయం గంగులప్ప ఫోన్ చేశాడు. 

"సార్, ఒకసారి రండి."

"ఏమైందన్నా? సోలార్ వాళ్ళు వచ్చారా?"

"వాళ్ళు వచ్చి పోయినారు. నువ్వు రా సార్."

మేడమ్‌ను ఎక్కించుకుని జీపులో వెళ్ళాను.  ఊరు ఇంకా మలుపు అవతల ఉండగానే జీపులోకి వాసన కొట్టింది. చీనీ పూత వాసన ఎలా ఉంటుందో తెలియని వాళ్ళకు నేను చెప్పలేను. తెలిసిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. నేను బండి ఆపేసి కాసేపు స్టీరింగు మీద తల పెట్టుకున్నాను.

పై తోట పూసింది. ఆకు కనిపించకుండా పూసింది. చిగురు చాటున మొగ్గ దాచుకుని మా అందరినీ ఏడిపించింది దొంగది. అంచున ఉన్న కొన్ని చెట్లు మాత్రం నీళ్ళు అందడం ఆలస్యమై ఎండిపోయాయి, వాటి దగ్గర ఓబులమ్మ కాసేపు నిలబడి వచ్చింది. కింది తోటలో మొగ్గలు అప్పుడే గింజల్లా తేలుతున్నాయి. తేనెటీగల రొదలో మనిషి మాట వినిపించడం లేదు. గంగులప్ప సున్నం కొట్టిన హద్దురాళ్ళు పీకి ఒక్కొక్కటే మోసుకొచ్చి దూడల దొడ్డి గోడకు పేరుస్తున్నాడు.

"మంచి రాళ్ళు సార్. ఊరికే ఎందుకు పోగొట్టుకోవాల?" అన్నాడు, నా ముఖం చూడకుండా.

ఓబులమ్మ తియామికే చేయి పట్టుకుని చెట్టు చెట్టుకూ తిప్పుతోంది. వాళ్ళ తాతకు ఏం చెప్పాలో, ఎట్లా చెప్పాలో పాఠం అప్పజెప్పిస్తోంది. ఆ పిల్ల తల వంచి వింటూ, "తెల్లారి తడొస్తే ఒక్కపొద్దు. తడి రాకుంటే పస్తు" అని కోనంపల్లి తెలుగులోనే వల్లిస్తోంది. మలావీలో ఆ ముసలాయనకు అది ఎలా అర్థమవుతుందో వాళ్ళకే తెలియాలి.

మేడమ్ ఒక చెట్టు కింద నిలబడి ఉంది. పట్టీ విప్పేసిన దగ్గర్నుంచి మెడ చుట్టూ తెల్లని గీత మెల్లగా రంగు పట్టుకుంటోంది. జీపులో వచ్చిన దారి, ఎండ, దుమ్ము. ఆమె ఒకసారి గొంతు సవరించుకుంది. మళ్ళీ సవరించుకుంది. చేత్తో గొంతు తడుముకుని, ఏదో గుర్తుకు తెచ్చుకుంటున్నట్టు నిలబడి, అప్పుడు అంది.

"అక్కా, కొంచెం నీళ్ళియ్యి. దప్పికైతాంది."

ఓబులమ్మ మాట మధ్యలో ఆపేసింది.  తర్వాత తియామికే తోటలోంచి ఇంటి వైపు పరుగెత్తింది, తిరిగి వచ్చేసరికి చెంబులో సగం నీళ్ళు ఆమె గౌను మీదే ఉన్నాయి. మేడమ్ చెంబు రెండు చేతులతో ఎత్తిపట్టుకుని గటగటా తాగుతుంటే, గడ్డం మీదుగా నీళ్ళు కారి మెడ మీద ఆ తెల్లని గీతను తడిపాయి.

ఆమె సంచిలో ఫోను మోగింది. ఆ వేళకు అది మోగాల్సిందే. నేను తీసి ఎత్తాను.

"అమ్మీ, పానీ పియే?"

"తాగుతోందమ్మా" అన్నాను. "తనే అడిగి తాగుతోంది."